ఐదో వాటా

ఆటల పిచ్చి ఉన్న పిల్లకి బడి వెతకబోయి భూమి లెక్కలు నేర్చుకున్నాను. తమిళనాట పట్నాల్లో స్థలాన్ని గ్రౌండ్లలో కొలుస్తారు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. 2004 జులైలో కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు. అదే ఏడు, చిట్టిబాబు కమిటీ సిఫార్సుల మీద, ప్రైవేటు బడికి కనీసం ఎంత నేల ఉండాలో ప్రభుత్వం ఖరారు చేసింది. పల్లెలో అయితే మూడెకరాలు. కోయంబత్తూరు, మదురై లాంటి కార్పొరేషన్లలో ఆరు గ్రౌండ్లు చాలు. అంటే 14,400 చదరపు అడుగులు, ఎకరాలో మూడో వంతు. బాస్కెట్‌బాల్ కోర్టు పొడుగు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. గీత దాటి వెళ్ళిన పిల్ల ఆగడానికి చోటు వదలకపోయినా 4,500 చదరపు అడుగులు తినేస్తుంది. అలాంటివి మూడు గీస్తే బడి స్థలం చెల్లు. గదులు, మెట్లు, మరుగుదొడ్లు, వ్యాన్లు తిప్పుకునే జాగా, ఆఫీసు ముందు వినాయకుడి గుడి, ఇవన్నీ గాల్లో కట్టుకోవాలి. ఇక 400 మీటర్ల ట్రాకు మాటెత్తితే నాలుగెకరాలు కావాలి.

ఈ లెక్క వంటబట్టాక కరపత్రాలు చదివే తీరు మారిపోయింది. పదహారు ఆటలు నేర్పుతామని వేస్తారు. యోగా, చదరంగం, క్యారమ్స్, స్కేటింగ్, కరాటే, సిలంబం అని వరస. నేల అక్కర్లేని ఆటలు ముందు, నేల కావలసినవి చివర. ఒక బడి వాళ్ళు అట్ట మీద పచ్చటి మైదానం బొమ్మ వేశారు. వెళ్ళి చూస్తే మైదానం లేదు. ఏడాదికోసారి ఆటల పండుగకి ఎవరిదో కాలేజీ మైదానం అద్దెకి తీసుకుంటారట, బొమ్మ అప్పటిది. బడి వెనక నిజంగానే ఒక కోర్టు ఉంది. రెండు రింగుల మధ్య పసుపు వ్యాన్లు బారుగా నిలబడి ఉన్నాయి. సాయంత్రం వ్యాన్లు వెళ్ళిపోయాక ఆడుకోవచ్చుగా అన్నాను. వ్యాన్లతోపాటు పిల్లలూ వెళ్ళిపోతారమ్మా అంది ఆఫీసులో అమ్మాయి, అబద్ధం చెప్పడం ఇంకా అలవాటు కాని వయసులో ఉన్నట్టుంది.

నేను చిత్తూరు వైపు నుంచి కోయంబత్తూరు పీళమేడుకి కోడలినై వచ్చిన దాన్ని. మా అత్తవారు ఇక్కడికి ఎప్పుడొచ్చారో వాళ్ళకే తెలీదు. విజయనగరం వాళ్ళ వెంట, తర్వాత మదురై నాయకుల వెంట వచ్చిన కుటుంబాలు ఈ నల్లరేగడిలో బావులు తవ్వుకుని పత్తి వేసుకున్నాయి. పాపనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం, నరసింహనాయకన్‌పాళయం అని ఊళ్ళకి పేర్లు మిగిలాయి. తర్వాత ఆ పత్తికి మిల్లులు వచ్చాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టాడు. మిల్లుల యంత్రాలకీ, బావుల మోటార్లకీ ఫౌండ్రీలు, లేతులు పుట్టాయి. మా మామ ఒక మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా ఆయన ఆవారంపాళయంలో పంపుల కంపెనీలకి విడిభాగాలు చేసి పెట్టే చిన్న వర్క్‌షాపులో భాగస్వామి. ఏడాదికి లక్ష దాటిన ఫీజు కట్టగలం, కట్టాక పళ్ళు నూరుకోగలం. అలాంటి ఇల్లు మాది.

పీళమేడులో పెరిగిన పెద్దవాళ్ళకి ఒక కథ కంఠతా వచ్చు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడికి నలుగురు కొడుకులు. పంపకాల వేళ ఆస్తిని నాలుగు వాటాలు కాదు, ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి పెట్టారని చెబుతారు. 1926లో 2 లక్షల వెయ్యి రూపాయలతో పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్ మొదలైంది. అంతకు రెండేళ్ళ ముందే, 1924లో, సర్వజన హైస్కూలు తెరిచారు. ఇంజనీరింగ్ కాలేజీ 1951లో గానీ రాలేదు. ముందు బడి, తర్వాతే కాలేజీ. ఆ రోజుల్లో బడి పెట్టే షావుకారుకి మైదానం వదలమని ఏ కమిటీ చెప్పాల్సిన పని లేదు. ఊరవతల సెంటు ఖరీదు పెద్దగా లేదు సరే. అయితే అదొక్కటే కారణమనుకోను. మిల్లు నడిపేవాళ్ళకి మనిషి ఒళ్ళంటే ఏమిటో తెలుసు. పొద్దుట నుంచి రాత్రి దాకా ఆ ఒళ్ళే వాళ్ళ పెట్టుబడి. పిల్లవాడు బడిలో ఎగరాలి, దూకాలి అన్న సంగతి వాళ్ళకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అలాంటి పాత బడులు ఈ ఊళ్ళో, మదురైలో, చుట్టుపక్కల తాలూకాల్లో చాలానే ఉన్నాయి. యాజమాన్యం ప్రైవేటుది, అయ్యవార్ల జీతం సర్కారుది. ఎయిడెడ్ బడులంటారు. ఫీజు నామమాత్రం. ఇంగ్లీషు మీడియం కావాలంటే అదే ఆవరణలో సొంత ఫీజుతో నడిచే సెక్షన్లు ఉంటాయి. ఆ ఫీజు కూడా మా వీధి చివరి అద్దాల బడి ఫీజులో నాలుగో వంతు, ఐదో వంతు. చెట్లుంటాయి. గోడ కనపడనంత దూరంలో ఉంటుంది. మనవాళ్ళ తాతలు డబ్బు పెట్టి కట్టిన ఈ బడుల్లో ఇప్పుడు మనవాళ్ళ పిల్లలు చాలా తక్కువ. ట్రస్టు వార్షికోత్సవానికి పట్టుచీరలు కట్టుకుని వెళతాం, పిల్లల్ని మాత్రం ఆరు గ్రౌండ్ల బడికి పంపుతాం. పాత బడుల్లో చదివేది తోట పనివాళ్ళ పిల్లలు, ఫౌండ్రీ కూలీల పిల్లలు, ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన కుటుంబాల పిల్లలు. మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఎయిడెడ్ బడి పేరెత్తగానే భోజనాల దగ్గర నిశ్శబ్దం పడ్డది అందుకే.

మా మామ ఒక్కడే అన్నాడు: "ఏంటికమ్మాయ్ అంత యోచన? నేను ఆడ చదవలేదా?"

"మీరు ఎనిమిదితో నిలిపేశారు మామా," అన్నాడు పక్కింటి అల్లుడు.

"నిలిపేస్తి. జి.డి. నాయుడు ఎంత చదివినాడు?"

దీనికి కోయంబత్తూరులో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన ఆ మనిషికి బడి గిట్టలేదు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తనే నడిపాడు. తర్వాత మోటార్లు, రేజర్లు, గడియారాలు అన్నీ చేశాడు. సాంకేతిక విద్యకి తనే డబ్బిచ్చి, ఏళ్ళ తరబడి సాగే కోర్సులు కాలం దండగ అని పోట్లాడి బయటికి వచ్చేశాడు. ఈ ఊళ్ళో చదువు ఎగ్గొట్టే ప్రతి పిల్లాడికీ ఆయన వకీలు. ఆయనకున్న బుర్ర మాత్రం ఆ పిల్లలందరికీ ఉండదని మా అత్త అంటుంది, అదీ నిజమే. మా పాప చదువు ఎగ్గొట్టదు. సగటున చదువుతుంది. బంతి చేతికొస్తే మాత్రం సగటు మనిషి కాదు.

ఇక్కడో మాట చెప్పాలి. ఆటల పిల్లకి బడి అంటే ఆటలు బాగా నేర్పే బడి అనే నేనూ మొదట అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. తిరిగి చూసిన మీదట నాకు అడగవలసిన ప్రశ్న ఒకటే మిగిలింది: పిల్లని ఎన్నింటికి వదిలిపెడతారు? చాలా బడుల్లో బెల్లు కొట్టేది నాలుగు లోపే. కానీ ఎనిమిదో తరగతి నుంచి స్పెషల్ క్లాసు, తొమ్మిది నుంచి టెస్టు, పది అయితే రాత్రి ఏడు దాకా స్టడీ. శనివారం కూడా. మా ఊళ్ళో చలికాలం ఆరింటికి చీకటి పడుతుంది. నాలుగింటికీ ఆరింటికీ మధ్య ఉన్న రెండు గంటలే ఆటగాళ్ళ బతుకు. కోచింగుకి ఎంత డబ్బు పోసినా ఆ రెండు గంటలు బడి మింగేస్తే ఇక కొనుక్కునేదేమీ లేదు.

మదురై ఈ సంగతిని నాకు ఇంకా బాగా చెప్పింది. మా ఆయన అక్కని తిరుమల నాయకుడి మహలు వెనక వీధుల్లో ఒక ఇంటికి ఇచ్చారు. 1529 నుంచి నాయకులు ఏలిన ఊరు. మహలు చుట్టూ ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో తెలుగు వినపడుతుంది, వీధిలోకి వస్తే తమిళం. వదిన కొడుకు పరుగు పందేల పిల్లాడు. మదురైలో నేలకి కరువు ఎప్పుడూ లేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే గొడవ. నాయకుల కాలంలో ఆటలూ జంతువుల పోరాటాలూ చూడటానికి కట్టుకున్నారని చెప్పే తముక్కం మేడ, రాణి మంగమ్మ ఉన్న మేడ, 1959 నుంచి గాంధీ మ్యూజియం. దాని ఎదుటి మైదానంలో చిత్తిరై ఎగ్జిబిషన్ పెడతారు. 2022లో అక్కడే ఒక పెద్ద సమావేశ మందిరం కూడా లేచింది. తూర్పున తిరుమల నాయకుడు తవ్వించిన వండియూరు తెప్పకుళం ఉంది, సుమారు వెయ్యి అడుగులకి తొమ్మిది వందల యాభై అడుగులు. ఏళ్ళ తరబడి అది ఎండిపోయి ఉండేది. మెట్లు దిగి పిల్లలు లోపల క్రికెట్ ఆడేవాళ్ళు, నడుమ మండపం బౌండరీ. తెప్పోత్సవానికి నీళ్ళు పెట్టినప్పుడు టోర్నమెంటు వాయిదా. ఈ మధ్య ఏళ్ళలో వైగై నీళ్ళు మళ్ళించి చెరువు నింపుతున్నారు. ఊరికి మంచిదే, భూగర్భ జలం పెరిగింది. ఆ పిల్లలు ఎక్కడ ఆడుతున్నారని మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.

పరుగు పిల్లలకి దిక్కు రేస్‌కోర్సు రోడ్డులోని ఎంజీఆర్ స్టేడియం. సింథటిక్ ట్రాకు ఉంది. సక్కిమంగళం అనే పల్లెలో అమ్మమ్మ పెంచిన రేవతి వీరమణి ఉత్త కాళ్ళతో బడి పోటీల్లో పరిగెత్తుతుంటే కోచ్ కణ్ణన్ చూసి ఈ స్టేడియానికి తీసుకొచ్చాడు. లేడీ డోక్ కాలేజీలో చదువుకుంటూ తయారైన ఆ పిల్ల టోక్యో ఒలింపిక్స్‌లో 4×400 మిక్స్‌డ్ రిలే పరిగెత్తింది. అదే ఊళ్ళో జెర్లిన్ అనిక, వినికిడి లేని షటిల్ క్రీడాకారిణి, 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె చదివింది అవ్వై కార్పొరేషన్ బాలికల బడిలో. ఆ ఇద్దరూ పెద్ద ఆట నేర్చుకున్నది తరగతి గదుల అవతలే. వాళ్ళని తయారుచేసింది కోచ్‌లు. బడి చేయగలిగిన మేలల్లా అడ్డుపడకుండా ఉండటం, హాజరు పట్టీ దగ్గర కాస్త కళ్ళు మూసుకోవడం, పోటీకి వెళ్ళిన రోజు పరీక్ష తప్పితే మళ్ళీ పెట్టడం. ఇది వినడానికి చిన్న మేలు. లక్ష రూపాయల బడుల్లో నాకు ఎక్కడా దొరకనిది అదే.

వదిన ఒప్పుకోదు. "అట్ల అదృష్టం ఉండేది లక్షలో ఒకరికి. మిగతావాళ్ళ సంగతి ఏమి?" అంటుంది. ఆమె కొడుకుని సీబీఎస్ఈ బడిలో వేసింది, ఇంజనీరింగు ఎటూ పోకుండా. ఆమె లెక్కలోనూ ఆట ఉంది. తమిళనాడు ఇంజనీరింగు కౌన్సెలింగులో క్రీడల కోటా కింద 500 సీట్లున్నాయి, సర్కారు కొలువుల్లో మూడు శాతం ఉంది. పిల్లవాడు పరిగెత్తితే సీటు, సీటొస్తే పరుగు చాలు. ఇలా ఆలోచించే తల్లిదండ్రుల్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు, మేమూ అంతే. కాకపోతే ఒక చిక్కుంది, అది ఆమెకి బడిలో చేర్చాక తెలిసింది. సర్టిఫికెట్టు ఏ పోటీదన్న దాన్ని బట్టి విలువ. రాష్ట్ర సిలబస్ బడుల పిల్లలు జోన్ నుంచి రెవెన్యూ జిల్లాకి, అక్కణ్ణుంచి రాష్ట్రానికి ఎక్కుతారు. రిపబ్లిక్ డే పోటీలు, భారతియార్ దినం పోటీలు అని వాటికి పేర్లు. సీబీఎస్ఈ పిల్లలకి ఆ బోర్డే నడిపే క్లస్టర్ పోటీలు వేరు. ఎనిమిదో తరగతి దాకా ఒక వరస మెట్లెక్కి తొమ్మిదిలో బోర్డు మారిస్తే, కొత్త మెట్లు మళ్ళీ కింద నుంచి. ఆట ఒకటే, మైదానమూ ఒక్కోసారి ఒకటే, మెట్లు వేరు. బడి మార్చే ముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఫీజు గుమాస్తా అసలే చెప్పడు.

వయసు లెక్క ఇంకో తిరకాసు. పద్నాలుగు లోపు, పదిహేడు లోపు, పంతొమ్మిది లోపు అని విభాగాలు. గడువు తేదీ దాటగానే పుట్టిన పిల్లకీ, మరుసటి గడువుకి కాస్త ముందు పుట్టిన పిల్లకీ మధ్య దాదాపు ఏడాది తేడా ఉన్నా ఒకే జట్టుకి పోటీ పడాలి. పదమూడేళ్ళ వయసులో ఏడాదంటే అరచేతి వెడల్పు ఎత్తు. కెనడాలో ఐస్ హాకీ కుర్రాళ్ళ పుట్టిన నెలలు రోజర్ బార్న్‌స్లీ అనే ఆయన 1980లలో లెక్క చూస్తే, పై జట్లకి ఎంపికైన వాళ్ళలో జనవరి, ఫిబ్రవరి, మార్చి పుట్టుకలే పోగుపడి ఉన్నాయి. వాళ్ళ గడువు జనవరి ఒకటి. చిన్నప్పుడు కాస్త పెద్దగా కనపడ్డందుకు ఎంపికై, ఎంపికైనందుకు ఎక్కువ ఆడి, ఎక్కువ ఆడినందుకు నిజంగానే బాగా ఆడేవాళ్ళయ్యారు. మా పాప నవంబరులో పుట్టింది. ఆరో తరగతిలో జట్టు వరసలో చివర నిలబడేది. అందువల్ల నేను బడికి వెళ్ళినప్పుడల్లా, ఎంపిక కాని పిల్లల్ని ఏం చేస్తారని అడిగేదాన్ని. చాలా చోట్ల ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పతకాలు తెచ్చే పిల్లకి ఫీజు మాఫీ చేస్తామన్నారు. పక్క బడి నుంచి పొడుగు పిల్లల్ని ఉచితంగా తెచ్చుకుంటామని గర్వంగా చెప్పారు. అలా తెచ్చుకున్న పిల్లకి మోకాలు దెబ్బతింటే ఏమవుతుందో అడగలేదు, సమాధానం వాళ్ళ మొహంలోనే ఉంది.

ఆ ప్రశ్న అర్థమైన మనిషి ఒక పాత ఎయిడెడ్ బడి పి.టి. మాస్టారు. ఆయన గదిలోకి వెళ్ళగానే నేను చూసింది బంతులు. గోనెసంచిలో అరిగిపోయి, గీతలు చెరిగిపోయి, నున్నగా గుండు కొట్టించుకున్నట్టున్నాయి. అంతకుముందు చూసిన బడుల్లో బంతులు అద్దాల బీరువాలో కప్పుల పక్కన కొత్తగా మెరిసేవి. ఒక బడిలో ఆడుతున్నారో లేదో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. "చివర నిలబడే వాళ్ళని నేను రిఫరీలు చేస్తానమ్మా, రూలు తెలిస్తే ఆట విడిచిపోరు. ఎత్తు అదే వస్తుంది," అన్నాడు తమిళంలో. ఆయన చదివింది పెరియనాయకన్‌పాళయంలో రామకృష్ణ మిషన్ వాళ్ళ మారుతి వ్యాయామ విద్యా కళాశాలలో. అది 1956 నుంచి ఈ జిల్లాలకి డ్రిల్లు మాస్టార్లని పంపుతోంది. దానికి ముందు ఎవరైనా మద్రాసు వై.ఎం.సి.ఎ. కాలేజీకే వెళ్ళాలి. 1920లో హ్యారీ బక్ అనే అమెరికా ఆయన అక్కడ మొదలుపెట్టాడు. మన బడుల్లో విజిల్, తెల్ల బూట్లు, మార్చింగు ఆ దారినే వచ్చాయి. వందేళ్ళు దాటినా పి.టి. పీరియడు గతి మాత్రం మారలేదు. లెక్కల టీచరుకి సిలబస్ మిగిలితే ముందు పోయేది అదే. 2023లో క్రీడల మంత్రిగా ఉదయనిధి స్టాలిన్, పి.టి. పీరియళ్ళు అరువు పుచ్చుకోవద్దు, వీలైతే మీ పీరియళ్ళే వాళ్ళకివ్వండి అని టీచర్లని అడగాల్సి వచ్చింది. మంత్రి నోరు తెరిచి అడగాల్సిన పనా ఇది అని నవ్వుకున్నాం.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. తమిళనాడులో 2009 చట్టం ప్రకారం ఒక్కో ప్రైవేటు బడికీ ఫీజు ఎంతో కమిటీ నిర్ణయిస్తుంది. ఆ ఉత్తరువు చూపించమని అడగడం మన హక్కు. అడిగితే మొహం మాడ్చుకునే బడిలో ఆ తర్వాత అడగవలసినవి ఇంకా కష్టమవుతాయి. విద్యా హక్కు చట్టం కింద ఉచిత సీటు వచ్చినా అది ఎనిమిది దాకానే. తొమ్మిదిలో పూర్తి ఫీజు మీద పడుతుంది, సరిగ్గా ఆట ముదిరే వయసులో. వ్యాను ఫీజు ఆ లెక్కలోకి రాదు. బడి దగ్గరైతే ఆ వ్యాను డబ్బులు బూట్లకి వస్తాయి, పైగా ఆడి నడిచి రావచ్చు. అందుకే ఖరీదైన దూరపు బడికన్నా నడిచి వెళ్ళే చవక బడి ఆటల పిల్లకి రెండిందాల లాభం. ఆడపిల్లయితే మూడిందాల. వ్యాను దిగి, మళ్ళీ ఆటో ఎక్కి, చీకటి పడ్డాక కోచింగు నుంచి రావడం ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు. పన్నెండు దాటిన పిల్లలు ఆట మానేయడానికి ఒళ్ళు మారడం ఒక కారణమైతే, దారి రెండో కారణం. బడి ఆవరణలోనే, తెలిసిన మాస్టారి కళ్ళ ముందే ఆడితే ఆ రెండోది లేదు.

తెలుగు సంగతి అడుగుతారేమో. మేం అడగలేదు. 2006 చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. తెలుగు కావాలంటే ఐచ్ఛికంగా చదవాలి, చెప్పేవాళ్ళుండాలి. భాషా మైనారిటీ బడులు కోర్టుకెళ్ళి మినహాయింపు ఏడాదికేడాది తెచ్చుకుంటూ వచ్చాయి. ఇక్కడి ఇళ్ళలో తెలుగు నోటి మీద ఉంది, చేతిలోకి రాలేదు. మా మామకి తెలుగు అక్షరాలు రావు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ అంతటి వాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగువాళ్ళ వలస కథని తమిళంలో నవలగా రాశాడు, 1991లో సాహిత్య అకాడమీ అందుకున్నాడు. అదే కోవిల్‌పట్టి ఇప్పుడు హాకీ ఊరు. అక్కడ ఆడి పెరిగిన మారీశ్వరన్ 2022 ఆసియా కప్‌లో భారత జట్టుకి ఆడాడు. పాపకి రాత్రిళ్ళు నేను గుణింతం దిద్దిస్తాను. ఆమె కోర్టులో తమిళంలో అరుస్తుంది, మోకాలు చెక్కుకుపోతే తెలుగులో ఏడుస్తుంది. ఆ భాగం నా పూచీ, బడి నెత్తిన పెట్టను.

పాపని ఆ గోనెసంచి మాస్టారి బడిలోనే వేశాం, ఇంగ్లీషు సెక్షన్లో. ఇప్పుడు ఎనిమిదో తరగతి. చుట్టాల్లో కొందరు ఇంకా గొంతు తగ్గించి ఆ బడి పేరు అడుగుతారు. పాప జట్టులో ఇంకా ఖాయం కాలేదు, ఆటకి రిఫరీగా వెళ్తోంది, చేతిలో విజిల్ ఉండటం దానికి బంతి కన్నా తలకెక్కినట్టుంది. అంతా బాగుందని చెప్పలేను. ఒక రింగు వంగిపోయింది, సిమెంటు పగిలింది, వానొస్తే ఆడలేరు. అసలు చిక్కు మాస్టారు. వచ్చే మే నెలలో ఆయన రిటైరవుతున్నాడు. ఎయిడెడ్ బడిలో పోస్టు పిల్లల సంఖ్యని బట్టి. ఆ ఆవరణలో సర్కారు లెక్కకి వచ్చేది తమిళ మీడియం పిల్లలే, ఆ సంఖ్య ఏటికేడు తగ్గుతోంది. సంఖ్య తగ్గితే పోస్టు వెనక్కి పోతుంది. పోస్టు పోతే మైదానం ఉంటుంది, మాస్టారు ఉండడు. మాలాంటి వాళ్ళు రెండు తరాలుగా ఆ బడికి పిల్లల్ని పంపకపోవడం వల్ల వచ్చిన తగ్గుదల అది. ఇప్పుడు మాలాంటి వాళ్ళే వచ్చి పి.టి. మాస్టారేడీ అని అడుగుతున్నాం.

హెడ్‌మిస్ట్రెస్ తల్లిదండ్రుల్ని పిలిచి ఉన్న మాట చెప్పింది. ట్రస్టు కొంత వేసుకుంటుంది, మిగతాది ఎక్కణ్ణుంచి? ఫౌండ్రీలో మోల్డింగు చేసే ఒకాయన నెలకి వంద ఇస్తానన్నాడు. అందరికన్నా ముందు ఆయనే లేచాడు. కార్లలో వచ్చిన నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆటలు మా అబ్బాయికి అక్కర్లేదు, మేమెందుకు ఇవ్వాలి అని ఒకావిడ అడిగింది, అడగదగిన ప్రశ్నే. పెట్టే మాస్టారు ఎవరు, జీతం ఎంత, మధ్యలో ఎవరైనా ఇవ్వడం మానేస్తే ఎలా అని గంటసేపు గొడవ. ఏదీ తేలలేదు. ఇంటికొచ్చాక మా ఆయన కాగితం తీసుకుని జీతాన్ని పిల్లల సంఖ్యతో భాగించాడు. అందరూ ఇస్తే మనిషికి పడేది, మేం తప్పించుకున్న వ్యాను ఫీజులో ఐదో వంతు కూడా కాదు. సగం మందే ఇస్తారనుకుని మళ్ళీ భాగించాడు. ఆవారంపాళయం వర్క్‌షాపుల వాళ్ళని అడిగి చూస్తానన్నాడు, పంపుల సీజను కదా, ఏప్రిల్ లోపే అడగాలట.